పుట్టినరోజుకు ఒక రోజు

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల ముందు మీకు పంపే లేఖలో మామూలుగా ఫీజు గడువు, బస్సు వేళలు, సెలవుల్లో చేయవలసిన హోంవర్కు ఉంటాయి. ఈసారి అవన్నీ వెనుక పేజీలోకి వెళ్ళాయి. ముందు పేజీని మా స్టాఫ్ రూములోని ఒక అలమారకు ఇచ్చాను.

పిల్లలు మరచిపోయి వెళ్ళిన వస్తువులన్నీ అందులో చేరతాయి. పోయిన శనివారం ఆయమ్మ దాన్ని సర్దుతుంటే నేనూ పక్కన కుర్చీ వేసుకున్నాను. ముందు చక్రం ఊడిన రిమోట్ కారు, రెక్క విరిగిన హెలికాప్టర్, కీ ఇస్తే ఇప్పటికీ ఎగిరే రేకు కప్ప, మంచినీళ్ళ సీసాలు పదకొండు (వాటి సంగతి విడిగా మాట్లాడుకుందాం), ఒకే రంగు, ఒకే బొమ్మ ఉన్న పెన్సిల్ డబ్బాలు ఆరు బయటపడ్డాయి. ఆరూ ఒక్కలాగే ఎందుకున్నాయని అడిగితే ఆయమ్మ చెప్పింది: "ఎవరిదో పుట్టినరోజు మేడం, క్లాసంతా పంచారు." ఎవరిదో ఆమెకు గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు. వాటిని వెతుక్కుంటూ ఆ ఆరుగురిలో ఒక్కరూ రాలేదు.

అక్కడికక్కడే బొమ్మలకు వ్యతిరేకంగా మీకో ఘాటైన లేఖ రాయాలని నిశ్చయించుకున్నాను. దానికి ఆధారం ఉండాలి కదా అని ఐదో తరగతికీ తొమ్మిదో తరగతికీ ఒకే ప్రశ్న ఇచ్చాను: ఇప్పటివరకు మీకు అందిన కానుకల్లో అన్నిటికన్నా నచ్చినది ఏది?

ఐదో తరగతి నన్ను చిత్తుగా ఓడించింది. సైకిల్, క్యారమ్ బోర్డు, బ్యాటరీ రైలు, మళ్ళీ సైకిల్. కొందరు ధర కూడా వేశారు. ఒక పాప తన బొమ్మ జుట్టు గురించే పేజీన్నర రాసింది. ఊరికి వెళ్ళామని, గుడికి వెళ్ళామని రాసినవాళ్ళు నలుగురే. వారిలో ఇద్దరు అక్కడ కొనిపెట్టిన బొమ్మ కోసమే ఆ మాట రాశారు.

తొమ్మిదో తరగతి కాగితాలు వేరుగా ఉన్నాయి. తాతయ్యతో కాజీపేట స్టేషన్‌లో కూర్చుని ఒక మధ్యాహ్నమంతా రైళ్ళు చూశానని ఒకరు, అక్క పెళ్ళికి ముందు రాత్రి మేడ మీద నిద్రపోకుండా మాట్లాడుకున్నామని ఒకరు రాశారు. ఒక అబ్బాయి పుట్టినరోజుకు వాళ్ళ నాన్న పాకాల చెరువుకు తీసుకువెళ్ళాడట. తిరిగి వచ్చేటప్పుడు అడవి దారిలో బండి టైరు పంక్చరైంది. ఇద్దరూ బండిని తోసుకుంటూ నడిచారు. "ఆ రోజు నాన్న ఫోనులో చార్జింగ్ లేదు" అని విడిగా ఒక వాక్యం రాసి, కింద గీత కూడా గీశాడు. ఆ గీతను మీకు చూపించాలని ఉంది గానీ కాగితం వాడిది.

ఇంటికి వెళ్ళి ఈ విషయం మీద కొంత చదివాను. వస్తువు మీద పెట్టిన ఖర్చు కన్నా అనుభవం మీద పెట్టిన ఖర్చే మనిషికి ఎక్కువ సంతోషాన్ని ఇస్తుందని లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు 2003లో ప్రకటించారు. బొమ్మలు మానండి అని ఉపదేశించేవాళ్ళకు ఇది అచ్చొచ్చిన మాట. అయితే వారు అడిగింది పెద్దవాళ్ళను. పిల్లలను అడిగిన అధ్యయనం 2020లో వచ్చింది. లాన్ గుయెన్ చాప్లిన్, ఆమె సహచరులు మూడేళ్ళ నుంచి పదిహేడేళ్ళ వయసు వరకు చూశారు. పన్నెండేళ్ళ దాకా వస్తువుదే పైచేయి, ఆ వయసు దాటాక అనుభవానిది. కారణమూ చెప్పారు. బొమ్మ కళ్ళ ముందే ఉంటుంది. గడిచిపోయిన రోజును మళ్ళీ ఆనందించాలంటే జ్ఞాపకం గట్టిపడాలి, ఆ రోజు పక్కనున్నవారి మనసులో ఏముందో ఊహించే శక్తి రావాలి. ఈ రెండూ చిన్నపిల్లలకు ఇంకా తయారవుతూ ఉంటాయి. మా ఐదో తరగతి తప్పేమీ రాయలేదన్నమాట.

ఈ సంగతి నాకు ఇరవై ఏళ్ళ కిందటే తెలిసి ఉంటే బాగుండేది. మా అబ్బాయి ఐదో పుట్టినరోజుకు బొమ్మ వద్దని, రామప్ప తీసుకువెళ్ళాను. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని, శిఖరంలోని ఇటుకలు నీళ్ళ మీద తేలేంత తేలికని, పునాదిలో ఇసుక నింపారని బస్సు దిగింది మొదలు చెబుతూనే ఉన్నాను. వాడు నంది ముందు ఆగి "దీని మెడలో ఇన్ని గంటలెందుకు?" అని అడిగాడు. సమాధానం చెప్పకుండా స్తంభాల వైపు లాక్కుపోయాను, అక్కడ చెప్పవలసింది ఇంకా చాలా ఉందని. ఇంటికి వచ్చాక వాళ్ళ నాయనమ్మ "ఏం చూశావురా?" అంటే "కోతి నా మక్కకంకి ఎత్తుకుపోయింది" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. 2021లో రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన రోజు వాడు ఉద్యోగం చేసే ఊరి నుంచి ఫోను చేశాడు. "అమ్మా, మన కోతి గుడి పేపర్లో వచ్చింది!"

వాడికి ఆ రోజు ఎలా నిలిచిందో తర్వాత ఆలోచిస్తే తట్టింది. మా అత్తయ్య ఆ కోతి కథను ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. ప్రతిసారీ వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, కోతి వంతు వాడితోనే చెప్పించేది. నేను చెప్పిన చరిత్రంతా గాలికి పోయింది, ఆవిడ చెప్పించిన కోతి మిగిలింది.

కాబట్టి చిన్నవాళ్ళున్న ఇళ్ళకు నా విన్నపం ఇది. బొమ్మ కొనండి, కానీ ఒకటి. టొలెడో విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, పదహారు బొమ్మల మధ్య ఉన్నప్పటి కన్నా నాలుగే ఉన్నప్పుడు పసివాళ్ళు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. ఆ ఒక్క బొమ్మతో పాటు ఒక రోజును కూడా ఇవ్వండి. ఆ రోజు టికెట్టును నోటుపుస్తకంలో అతికించండి, ఒక్క ఫోటో అచ్చు వేయించి గోడకు పెట్టండి, చుట్టాలు వచ్చినప్పుడు ఆ కథ పిల్లలతోనే చెప్పించండి. ఫోనులోని నాలుగు వందల ఫోటోలను పిల్లలు చూడరు. నిజం చెప్పాలంటే మనమూ చూడం.

ఎక్కడికి వెళ్ళాలని అడిగేవారికి దూరాలేమీ అక్కర్లేదు. వేయిస్తంభాల గుడి మన ఊళ్ళోనే ఉంది. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ ఆలయపు కళ్యాణమండపాన్ని రాయి రాయిగా విప్పి, ఏళ్ళ తరబడి పనిచేసి మళ్ళీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. బ్లాకులు పేర్చి ఆడుకునే పిల్లవాడికి ఇంతకన్నా పెద్ద ఆట ఎక్కడ దొరుకుతుంది? కొత్తవాడలో ఇప్పటికీ మగ్గాల మీద తివాచీలు, దర్రీలు నేస్తారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మన బడి పిల్లల్లో కొందరి ఇళ్ళలోనే మగ్గం ఉంది. ఆ ఇంటివారు ఒప్పుకుంటే, తన స్నేహితుడి పుట్టినరోజుకు "మా మగ్గం దగ్గర ఒక ఉదయం" అని ఆ ఇంటి అబ్బాయి రాసి ఇవ్వవచ్చు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్‌లో తెల్లవారుజామున నాన్నతో వెళ్ళి రావడమూ అలాంటిదే. తుమ్ములకు మాత్రం సిద్ధపడి వెళ్ళండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. వస్తువుల పోటీ కాస్తా విహారాల పోటీగా మారుతుంది. "మావాళ్ళు వేసవికి దుబాయ్ వెళ్ళారు" అనే మాట తరగతిలో అప్పుడే వినిపిస్తోంది. విమానం టికెట్టు కన్నా రేకు కప్పే నయం, దానికి స్టేటస్ పెట్టరు. పిల్లవాడికి ఇచ్చే రోజులో ఖరీదైనది మీ సమయం. అది దొరకని ఇళ్ళు ఉన్నాయని నాకు తెలుసు. షిఫ్టు డ్యూటీలు, దుకాణాలు, పొలం పనులు ఉంటాయి. అలాంటివారు పని చోటికే ఒక పూట వెంట తీసుకువెళ్ళండి. మెకానిక్ షెడ్డులో నాన్న పక్కన కూర్చుని స్పానర్లు అందించిన పిల్లవాడు మర్నాడు బడిలో ఎంత గొప్పగా మాట్లాడతాడో మా టీచర్లను అడగండి.

ఈ నెల నుంచి ఒక మార్పు చేస్తున్నాం. పుట్టినరోజున తరగతిలో పెన్సిల్ డబ్బాలు, పెద్ద చాక్లెట్లు, ఇంకే రిటర్న్ గిఫ్టులూ పంచకూడదు. ఆ రోజు ఆ విద్యార్థికి చివరి పీరియడ్‌లో ఐదు నిమిషాలు ఇస్తాం. తనకు గుర్తున్న ఒక రోజు గురించి చెప్పాలి. అమ్మమ్మ ఇంట్లో చేసిన సకినాలైనా సరే, కరెంటు పోయిన రాత్రి అయినా సరే. ఇష్టం లేనివారిని బలవంతపెట్టం. కొన్నేళ్ళుగా జరుగుతున్న పద్ధతిని మాన్పిస్తున్నందుకు కొందరికి కోపం రావచ్చు. వచ్చి నాతోనే చెప్పండి, క్లాస్ టీచర్లను ఇబ్బంది పెట్టకండి.

ఇక సెలవులు. బతుకమ్మకు ఇప్పుడు పువ్వులన్నీ చౌరస్తాలో కట్టలుగా దొరుకుతున్నాయి, కాదనను. తొమ్మిది రోజుల్లో ఒక్క రోజైనా పిల్లలను వెంటబెట్టుకుని ఊరి బయటికి, తంగేడు పూసిన చోటికి వెళ్ళండి. గునుగు కోసుకు వచ్చి, కాడలు సమానంగా కత్తిరించి, కట్టలు కట్టి, కొసలను రంగునీళ్ళలో ముంచే పని పూర్తిగా వాళ్ళకే వదిలేయండి. వాకిలి పాడవుతుంది. బట్టల మీద పడ్డ గులాబీ రంగు ఒక పట్టాన పోదు. బడి తెరిచిన రోజు ప్రార్థన సమయంలో మేము గోళ్ళు, చేతులు చూస్తాం కదా, ఆ రోజు రంగు వేళ్ళతో వచ్చినవారిని ఏమీ అనవద్దని టీచర్లందరికీ చెప్పి ఉంచాను.

మీ ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ