పెసర మొలిచింది

ఆదివారం, 10 మార్చి 2024

అమ్మడూ,

శివరాత్రి నాడు ఫోన్ చేసి, "అమ్మా, మా పంటల రిపోర్టుకి కావాలి, మన వైపు రెండో పంట ఎంత శాతం పడింది?" అని అడిగావు. ఉపవాసంతో నీరసంగా ఉండి "ఆ, పడుతున్నాయిలే" అని ఊరుకున్నాను. నీరసం ఒక్కటే కాదు. మీ నాన్న పక్కనే కూర్చుని ఉన్నాడు, స్పీకరు పెడితేగానీ ఆయనకి మాట వినపడదు. ఆయన చెవిన పడకూడని సంగతి ఒకటి నీకు చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం. నీ ఇంటర్ నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

ముందు నువ్వడిగిన లెక్క. శాతాలు నాకు రావు. నిన్న పొద్దున వంతెన దగ్గర్నుంచి కాలవ కట్ట మీద మన చేలదాకా నడుస్తూ అటూ ఇటూ చూసుకుంటూ వెళ్ళాను. పదెకరాలు ఉన్నాయనుకుంటే ఆరెకరాల్లో మొక్కజొన్న, రెండెకరాల్లో జొన్న, ఒక ఎకరంలో మినుము, ఒక ఎకరం ఖాళీ. మీ తాతయ్య ఉన్నప్పుడు ఇదే కట్ట మీద నిలబడితే కనుచూపుమేర మినుమే ఉండేది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు బురద పదునులో మినుము చల్లేసి, ఆపైన వరి కోసేస్తే, మిగతాది రాత్రి కురిసే మంచే చూసుకునేదనేవాడు. ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులు వచ్చి ఆ వైభవాన్ని తినేసింది. దున్నకుండా వరి కొయ్యకాళ్ళ మధ్యే మొక్కజొన్న గుచ్చే పద్ధతి వచ్చాక తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు మాగాణి అంతా దానికే తిరిగింది.

ఇక పోయినేడు. ఆగస్టు నెలంతా చినుకు లేదు. 1901 నుంచి దేశంలో అంత ఎండిపోయిన ఆగస్టు లేదని టీవీలో చెప్పింది నువ్వూ విన్నావు. కాలవ నీళ్ళకు వంతులేసుకుని ఎలాగో వరిని గట్టెక్కించాం. నవంబరు ఆఖర్లో పై మూడెకరాల్లో మినుము చల్లాం, కోత కోయించాం. పనలు చేలో ఆరుతున్నాయి. డిసెంబరు 5న తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మిచాంగ్ అన్నారు. ఆ పేరు పలకడం మీ నాన్నకి ఇప్పటికీ రాదు, "ఆ మిచ్చామో ఏదో" అంటాడు. ఆగస్టులో ఇవ్వాల్సిన వాన డిసెంబరులో తెచ్చి పారబోసింది. కోసిన పనలు నీళ్ళలో తేలాయి. కింద రెండెకరాల్లో కోయని పైరు చాప పరిచినట్టు పడుకుంది.

నువ్వు అప్పుడు రాలేకపోయావని బాధపడ్డావు. వస్తే ఏం చేసేదానివి? మాతోపాటు ఉప్పునీళ్ళు కొట్టేదానివి. లీటరు నీళ్ళకి యాభై గ్రాముల ఉప్పు కలిపి పనల మీద కొడితే వెన్నులోనే మొలక రాకుండా ఆగుతుందట. మూడు రోజులు అదే పని. ఊళ్ళో కొట్లలో ఉప్పు అయిపోతే తెనాలి నుంచి తెప్పించారు. గింజ కొంత దక్కిందిగానీ రంగు మారింది. రంగు మారిన గింజకి కాటా దగ్గర ఎలాంటి మర్యాద దొరుకుతుందో వేరే చెప్పక్కర్లేదు. పనల కింద అప్పటికే మొలిచిన మినుము వారం రోజులు నీళ్ళలో నాని కుళ్ళిపోయింది. విత్తనం ఖర్చంతా మట్టిపాలు.

నువ్వు "పంట ఆలస్యమైంది" అని మీ రిపోర్టులో రాస్తావు కదా, ఆ ఆలస్యానికి మొదలు ఇక్కడుంది. విత్తడానికి మేం వెనకాడలేదు, కాలు దిగబడకుండా చేలో నడవగలిగిన రోజు రాలేదు.

పై మూడెకరాలు సంక్రాంతికి వారం ముందు పదునుకొచ్చాయి. ముఠాని పిలిచి మొక్కజొన్న గుచ్చాం. ఒకళ్ళు తాడు లాగి పట్టుకుంటే, వరసగా మేం ఆడాళ్ళం కర్రతో చిల్లు పొడిచి, చిల్లుకో గింజ వేసి, మడమతో నొక్కుకుంటూ వెనక్కి నడవడం. నీ ఎనిమిదో తరగతి సెలవుల్లో ఒకసారి చిల్లుకి మూడేసి గింజలు వేసి పెద్దమ్మ చేత చీవాట్లు తిన్నావు, గుర్తుందా? ఇప్పుడు ఆ చేను నా తలకన్నా ఎత్తుంది. జల్లు విప్పింది, పొత్తుకి పీచు వచ్చింది. నెల వయసులో కత్తెర పురుగు పడింది. పొద్దున్నే సుడిలోకి తొంగిచూస్తే రంపం పొట్టులా కనపడేది, ఆకు విప్పితే లోపల దొరసాని. మందు పైపైన కొడితే దానికి స్నానం చేయించినట్టే, సుడిలోకి పడాలి. రెండుసార్లు కొట్టించాం. ఇప్పుడు దాని బాధ తగ్గింది.

ఇప్పుడున్న బాధంతా నీళ్ళది. పీచు మీదున్నప్పుడు తడి తప్పితే పొత్తు సగం బోడిగా వస్తుంది. సాగర్‌లో నీళ్ళు లేవు, కాలవ కట్టేశారు. కాలవ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఉన్నదల్లా మురుగు కాలవలో నిలిచిన నీళ్ళు, వాటికి అందరివీ డీజిలింజన్లే. రాత్రీ పగలూ డబడబమని మోగుతూనే ఉన్నాయి, వినివిని అవి ఆగినప్పుడే మెలకువ వస్తోంది. మనది వంతుకి ఆరు గంటలు.

ఇంకోటి. నువ్వు ఫోన్లో పంపిన ఆ ఉపగ్రహం ఫోటో పక్కింటి అబ్బాయి పెద్దది చేసి చూపించాడు. వంతెనకి ఉత్తరం వైపు పచ్చగా కనపడుతున్న ముక్క పంట అనుకునేవు, అది పంట కాదు. వరి కొయ్యకాళ్ళు మళ్ళీ చిగిర్చాయి, గేదెలు మేస్తున్నాయి. కౌలు రైతు డిసెంబరు దెబ్బకి రెండో పంట మానేసి గుంటూరు వైపు మిరపకోతలకి వెళ్ళిపోయాడు. మీ బాబాయి చేలో మినుము పచ్చగా కనిపిస్తోంది కదా, దాన్నీ పూర్తిగా నమ్మకు. జనవరిలో మళ్ళీ చల్లించిన మినుము అది. దాంట్లో బంగారు తీగ పాకింది. ఆకుండదు, వేరుండదు, పసుపుదారం చుట్టినట్టు మొక్క మీద అల్లుకుని పాలు పీలుస్తుంది. మొన్న సాయానికి వెళ్ళి ఒక మూల పీకాను. జానెడు ముక్క తెగి పడితే అది పక్క మొక్కని పట్టుకుంటుంది, అందుకని మినుము మొక్కతో సహా పీకి గోనెలో కుక్కి బయట తగలెయ్యాలి. పీకుతుంటే పంట మనమే పీకుతున్నట్టు ప్రాణం ఉసూరుమంటుంది. పైనుంచి చూసేవాళ్ళకి అదీ పచ్చదనమే, ఇదీ పచ్చదనమే.

మన కింద రెండెకరాలు మాత్రం నీ ఫోటోలో మట్టి రంగులో ఉన్నాయి. సంగతి అక్కడికే వస్తున్నాను.

ఆ రెండెకరాల్లో నీళ్ళు జనవరి ఆఖరుకిగానీ దిగలేదు. మొక్కజొన్నకి అదను దాటిపోయింది. మీ నాన్న వదిలేద్దామన్నాడు. నువ్వూ ఫోన్లో "ఒక్క ఏడాది ఖాళీగా ఉంటే ఏమవుతుందమ్మా" అన్నావు. ఏమవుతుందంటే, ఆ రెండెకరాలు మనవి కావు, కౌలుకి తీసుకున్నవి. ఖాళీగా ఉందని ఆసామి కౌలు బస్తాల్లో ఒక్క బస్తా తగ్గించడు. పైగా లోతట్టు చేను, మిగతా ఊరంతా నెర్రెలిచ్చినా దాని అడుగున చెమ్మ ఉంటుంది. డిసెంబరులో మనల్ని ముంచిన పల్లమే మార్చిలో అక్కరకొస్తుందని నాకు అనిపించింది. పెసరకి డెబ్బై రోజులు చాలు. భరణి కార్తెలో ఇంటికొచ్చేస్తుంది.

మీ నాన్నకి చెప్పకుండానే ఫిబ్రవరిలో గుంటూరు బస్సెక్కాను. ఊళ్ళో దిగేసరికే మిర్చి టిక్కీల లారీలు వరసగా పోతున్నాయి. ఈ రోజుల్లో యార్డుకి రోజుకి లక్ష బస్తాలు దాటి వస్తాయి కదా, ఆ ఘాటుకి ఆటోలో నలుగురం వంతులేసుకున్నట్టు తుమ్మాం. అమరావతి రోడ్డులో లాం ఫాంకి, అదే వ్యవసాయ పరిశోధనా స్థానానికి, వెళ్ళి 460 రకం పెసలు ఇరవై నాలుగు కిలోలు తెచ్చాను. ఆ రకం కాయ మొక్క పైభాగాన కాస్తుంది, ఒకేసారి కోతకి వస్తుంది. మండుటెండలో నాలుగుసార్లు ఏరక్కర్లేదు.

నువ్వు అడిగావు చూడు శాతం, నాకు తెలిసిన శాతం ఒక్కటుంది. ఎంత మంచిచోట కొన్నా పరీక్ష చెయ్యందే నేను విత్తనం చల్లను. నూరు గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూటకట్టి, పొయ్యి పక్కన గూట్లో పెట్టాను. మూడోనాడు విప్పితే తొంభై ఒకటి తోకలు వేసి ఉన్నాయి. ఆ మూట తీసుకెళ్ళి మీ నాన్న కాఫీ గ్లాసు పక్కన విప్పి పెట్టాను. ఏం మాట్లాడలేదు. కాఫీ తాగి, లేచి, ట్రాక్టరు వాడికి ఫోన్ చేశాడు. ఫిబ్రవరి 29న చల్లాం. "నాలుగేళ్ళకోసారి వచ్చే తేదీ, పంట కూడా నాలుగేళ్ళకోసారే వస్తుందేమో" అని గొణిగాడు.

ఇప్పుడు అసలు మాట. విత్తనానికి, ట్రాక్టరుకి, ఇంజను అద్దెకి, డీజిలుకి డబ్బు నువ్వు ఇచ్చిందే. ఎండలు వస్తున్నాయి ఫ్రిజ్ కొనుక్కోమని నా అకౌంటులో వేసిన ఇరవై వేలు. మూడు వేలు మిగిలాయి. మీ నాన్నకి డ్వాక్రా పొదుపులోంచి తీశానని చెప్పాను. కూతురు పంపిన డబ్బు చేలో పోయడానికి ఆయన ఒప్పుకోడు, నీకు తెలుసు. నిన్ను అడక్కుండా వాడినందుకు కోప్పడతావో ఏమో. కోపమొస్తే ఉత్తరం రాయి, ఫోన్లో వద్దు.

నాదీ ఒక లెక్క ఉంది. ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు వచ్చినా ఎనిమిది. ఈ ఏడు పెసర మద్దతు ధర క్వింటాలుకి 8,558. కాగితం మీద అరవై ఎనిమిది వేలు. కాగితం మీద డిసెంబరు వరి కూడా బాగానే ఉందనుకో. ఉగాదికి పూత మీద ఉంటుంది, అప్పుడు వడగాడ్పు తగిలితే పూత రాలిపోతుంది. తెల్లదోమ వస్తే పల్లాకు తెగులు ఉండనే ఉంది. చలి చూస్తే శివరాత్రిదాకా కూడా ఆగకుండానే శివశివా అని వెళ్ళిపోయింది. పదకొండు గంటలకే కట్ట మీద మట్టి చుర్రుమంటోంది. భయం లేదని అనను.

కానీ మొలిచింది. ఐదోనాడు తెల్లారి వెళితే మట్టి పెచ్చు సన్నగా పగిలి ఉంది. గోటితో ఒక పెచ్చు ఎత్తితే కింద తెల్లటి మెడ వంచుకుని ఒక మొలక, నెత్తిన గింజ పొట్టు టోపీలాగా ఇంకా ఉంది. పొట్టు తీయబోయి ఆగాను, దానంతట అదే విదిలించుకోవాలి. నిన్న వెళ్ళేసరికి చేనంతా జంటాకులు. మీ ఉపగ్రహానికి ఇంకో ఇరవై రోజులైతేగానీ కనపడదేమో, నీ రిపోర్టులో మాత్రం రెండెకరాలు ఇప్పుడే కలిపెయ్యి.

ఫ్రిజ్ బదులు కొత్త కుండ కొన్నాను. ఇసక పోసి, దాని మీద పెట్టి, తడిగుడ్డ చుట్టాను. నీళ్ళు బాగున్నాయి. పెరుగు మాత్రం మధ్యాహ్నానికే పులుస్తోంది, అది మజ్జిగపులుసుకి పనికొస్తోంది.

ఇవాళ అమావాస్య, ఇంజను వంతు రాత్రి పదకొండింటికి పడింది. టార్చిలో బ్యాటరీలు మార్చాలి. ఉంటాను.

అమ్మ

తా.క.: ఈసారి ఫోన్ చేసినప్పుడు ఫ్రిజ్ ఊసెత్తకు. పెసర ఎన్నాకులు వేసిందని మీ నాన్ననే అడుగు. వద్దన్న మనిషి రోజుకి రెండుసార్లు వెళ్ళి చూసొస్తున్నాడు, అరగంట చెబుతాడు.