గారెల కింద పరిచే పత్రిక

సంపాదకులకు నమస్కారాలు.

గత సంక్రాంతికి, కనుమ నాడు, మినప గారెలు వేస్తూ చిల్లుల గరిటెతో తీసిన మొదటి వాయిని ఎప్పటి అలవాటు ప్రకారం పాత పేపరు పరిచిన పళ్లెంలోకి దింపాను. పైవన్నీ అయిపోయాక అడుగున ఉన్న గారెను మా మనవడు తీసి చూస్తే, దాని వీపు మీద మీ పత్రిక జిల్లా పేజీ శీర్షికలోని నాలుగైదు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చుపడి ఉన్నాయి. పిల్లలు వాటిని చదవడానికి పోటీపడి నవ్వారు, వాళ్లతోపాటు నేనూ నవ్వాను. నవ్వు అయ్యాక మాత్రం, నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో ఎంత సిరా తిన్నామో అన్న ఆలోచన వదలలేదు.

వార్తాపత్రికల్లో తినుబండారాలు పొట్లం కట్టడం, వడ్డించడం మంచిది కాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016 చివరలోనే హెచ్చరించింది. 2018లో వచ్చిన ప్యాకేజింగ్ నిబంధనలు దాన్ని వ్యాపారులకు నిషేధంగానే మార్చాయి. అచ్చు సిరాలో సీసం వంటి భార లోహాలు, రంగులు, ద్రావకాలు ఉండవచ్చునని, వేడి నూనె తగిలితే అవి తిండిలోకి దిగుతాయని ఆ సంస్థ చెప్పిన కారణం. నిబంధన అంగళ్ల వాళ్లకే అయినా, వేడి నూనె మా వంటింట్లోనూ అదే పని చేస్తుంది. మా అమ్మ అరిసెలను శుభ్రమైన ఎండు వరిగడ్డి మీద ఆరబెట్టేది. గడ్డి దొరకని పట్నంలో నేను ఇప్పుడు పళ్లెం మీద స్టీలు జల్లెడ బోర్లించి, దాని మీద గారెలు వేస్తున్నాను; నూనె కిందికి కారిపోతుంది, గారె అడుగు మెత్తబడదు.

మీ పత్రికకు ఈ సంగతి రాయడానికి పేపరు ఒక్కటే కారణం కాదు. ఏటా జనవరి మొదటి వారాల్లో మీ అనుబంధంలో పండగ వంటల పేజీ వస్తుంది. వాటిని కత్తిరించి దాచుకునే అలవాటు నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఈమధ్య ఆ కత్తిరింపులన్నీ ముందేసుకుని చూస్తే, ప్రతిదానిలోనూ ‘కావలసిన పదార్థాలు’, ‘తయారుచేసే విధానం’ ఉన్నాయి, ‘వేయించడానికి తగినంత నూనె’ ఉంది. కానీ ఆ కొలతకు ఎన్ని వస్తాయో, ఎన్నాళ్లు నిలవ ఉంటాయో, మిగిలిన నూనెను ఏం చేయాలో, ఇంట్లో షుగరు ఉన్న మనిషికి ఎన్ని పెట్టవచ్చో చెప్పే వాక్యం ఒక్కటీ కనబడలేదు. ఆరోగ్యం పేజీ మరో రోజున మరో చోట వస్తుంది, అందులో పండగ దాటిపోయాక బరువు తగ్గడమెలాగో చెబుతారు. ఈ రెండు పేజీలు పండగకు ముందే ఒకటిగా రావాలన్నది నా విన్నపం.

ఒక్క అరిసెనే ఉదాహరణగా తీసుకుంటాను. కళ్లతో కొలత వేసి వండే తరం మాది, కాబట్టి అరిసెలో బెల్లం ఎంత అని ఏనాడూ అనుకోలేదు. ఈసారి తూకం వేశాను. కిలో తడి బియ్యప్పిండికి ముప్పావు కిలో బెల్లం పాకం పట్టి, నువ్వులు అద్ది, వేయించి, చెక్కల మధ్య నొక్కితే మొత్తం నలభై అయిదు అరిసెలు వచ్చాయి. అంటే ఒక్కో అరిసెలో దాదాపు 17 గ్రాముల బెల్లం, చెంచాల లెక్కన నాలుగు చెంచాల చక్కెరకు తక్కువ కాదు. రోజుకు 2000 కెలోరీలు తినే మనిషి పైనుంచి వేసుకునే తీపి అంతా కలిపి 50 గ్రాములు దాటకూడదని, అందులో సగమైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాట. మూడు అరిసెలతో ఆ హద్దు నిండిపోతుంది. పొద్దున కాఫీతో ఒకటి, పక్కింటి వాళ్లు పంపిన పళ్లెంలోంచి ‘వాళ్ల పాకం ఎలా కుదిరిందో’ చూడటానికి ఒకటి, మధ్యాహ్నం విస్తట్లో ఒకటి వేసుకుంటే, పరమాన్నం, బొబ్బట్టు విస్తట్లోకి రాకముందే లెక్క ముగిసింది. బెల్లం చక్కెర కాదు కదా అనే వాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. బెల్లంలో కొద్దిపాటి ఇనుము ఉన్న మాట నిజమే కానీ, దానిలో అత్యధిక భాగం చక్కెరే, రక్తంలోకి వెళ్లాక చేసే పనీ అదే.

అరిసెలు మానమని నేను అనడం లేదు, అననూ అనను. పండగకు అరిసె లేని ఇల్లు నాకు అమావాస్య ఇల్లులాగే కనిపిస్తుంది. చిన్న ముద్ద తీసి చిన్న అరిసె వత్తితే కిలోకు నలభై అయిదుకు బదులు డెబ్బై వస్తాయి. తినేవాడికి ఒకటి తిన్న తృప్తి మిగులుతుంది, బెల్లం పదకొండు గ్రాములకు దిగుతుంది. ఇది మా ఇంట్లో చేసి చూశాం. మొదటి రోజు పెద్దలు ‘ఇవేం అరిసెలు, బిళ్లలు’ అన్నారు. రెండో రోజు ఎవరూ ఏమీ అనలేదు.

భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో దేశమంతటా జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం ఇరవై ఏళ్లు దాటిన వారిలో 11.4 శాతం మందికి మధుమేహం ఉంది, మరో 15.3 శాతం మంది దాని గడపలో ఉన్నారు. పండగ పంక్తిలో పదిమంది పెద్దలు కూర్చుంటే ఇద్దరు ముగ్గురు ఈ లెక్కలోకి వస్తారన్నమాట, వాళ్లలో కొందరికి ఆ సంగతి ఇంకా తెలియకపోవచ్చు. మా ఇంట్లో మావారికి పద్నాలుగేళ్లుగా షుగరు. ఆయన ఎంత నిగ్రహంగా ఉన్నా, ‘పండగ పూట వద్దనకూడదు బావగారూ, ఈ ఒక్కటీ’ అంటూ విస్తట్లో వేసే చేతులకు నిగ్రహం లేదు. ఇంతకంటే భయపెట్టేది మరొకటుంది. ‘ఇవాళ కాస్త ఎక్కువ తిన్నాను, రాత్రికి ఇంకో మాత్ర వేసుకుంటే సరిపోతుంది’ అని తమకు తామే మోతాదు పెంచుకునే వాళ్లను మా బంధువుల్లోనే ముగ్గురిని చూశాను. కొన్ని మాత్రలు చక్కెరను ప్రమాదకరమైనంత కిందికి దించుతాయి, ఆ దించడం తెల్లవారుజామున నిద్రలో జరిగితే పక్కనున్న మనిషికి కూడా తెలియదు. వైద్యుడు చెప్పకుండా మాత్ర పెంచడం గానీ, ఉపవాసమని మానడం గానీ చేయకూడదని మీ వంటల పేజీలో ఒక్క వాక్యం వస్తే, ఏ ఆరోగ్య వ్యాసానికీ అందని మనిషికి అది అందుతుంది.

ఇక నూనె. భోగికి ముందు మూకుట్లో పోసిన రెండు కిలోల నూనెలో అరిసెలు, తర్వాత జంతికలు, తర్వాత చేగోడీలు, కనుమకు గారెలు వేసి, మిగిలిన నల్లటి దాన్ని వడకట్టి రథసప్తమి దాకా పోపులకు వాడటం పొదుపరితనం కింద చెల్లుతోంది. పదేపదే కాగి విరిగిపోయిన నూనెలో పేరుకునే చెడు పదార్థాలు 25 శాతం మించితే ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జూలై 1 నుంచి నిబంధన అమల్లో ఉంది. హోటళ్లలో దాన్ని కొలిచే పరికరం ఉంటుంది, మన ఇళ్లలో ఉండదు. మనకు తెలిసేవి కళ్లు, ముక్కు, చేయి: రంగు ముదిరినా, మంట తగ్గించినా పొగ వస్తున్నా, జిగురుగా సాగుతున్నా, నురగ కట్టి దిగకపోయినా దాన్ని పారేయాలి. చిన్న మూకుడులో తక్కువ నూనె పోసుకుని ఎక్కువ వాయిలు వేయడం కాస్త ఓపికతో కూడిన పని, కానీ చివరికి మిగిలే నూనె గిన్నెడే ఉంటుంది. ఒకసారి వేయించిన నూనెను వడకట్టి, మళ్లీ వేపుళ్లకు కాకుండా కూరల్లో ఒకటి రెండు రోజుల్లో వాడేసుకోవచ్చు.

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. రెండేళ్ల క్రితం పండగ అయ్యాక ఆదివారం మా అమ్మాయి కుటుంబం కారులో హైదరాబాదు బయలుదేరింది. దారిలో హోటలు తిండి ఎందుకని తెల్లవారుజామున నాలుగింటికి లేచి కొబ్బరన్నం కలిపి, పొగలు కక్కుతుండగానే పెద్ద డబ్బాలో కుక్కి మూత బిగించాను. తిరుగు ప్రయాణం రోజున విజయవాడ రహదారి సంగతి మీ పత్రిక ఏటా ఫొటోలతో వేస్తూనే ఉంటుంది. పంతంగి టోల్ ప్లాజా చేరేసరికే మధ్యాహ్నం రెండు దాటింది, ఆ వరసలో ఆగి ఉండగా డబ్బా తీశారు. ఇల్లు చేరకముందే పిల్లవాడికి వాంతులు పట్టుకున్నాయి, రాత్రికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు.

వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న ‘అన్నం ఎప్పుడు వండారు’ అని. బియ్యంలో సహజంగా ఉండే ఒక రకం సూక్ష్మజీవి విత్తులు ఉడికినా చావవట, అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి పెరిగి విషాన్ని వదులుతాయట, ఆ విషం తిరిగి వేడిచేసినా పోదట. వేడివేడిగా మూత బిగించి నేను భద్రం అనుకున్నది వాటికి పొదుగుడు గూడు అయింది. చింతపండు పులిహోర పులుపు వల్ల, నూనె వల్ల కొంత నిలుస్తుంది కాబట్టే మన పెద్దలు ప్రయాణానికి అదే కట్టేవారు. కొబ్బరన్నానికి, దద్దోజనానికి, కొబ్బరి పచ్చడికి ఆ బలం లేదు. పులిహోర అయినా పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, ఆ పూటకే తినాలి. వండినది ఏదైనా బయట రెండు గంటలకు మించి ఉంచకపోవడం, ఫ్రిజ్‌లో అయిదు డిగ్రీల కన్నా తక్కువ చల్లదనంలో పెట్టడం అందరూ చెప్పే కొలతే. పండగనాడు ఫ్రిజ్ తలుపు పడనంతగా కుక్కితే ఆ చల్లదనం లోపలికి చేరదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

కనుమ నాటి కోడి గురించి ఎక్కువ రాయను. తెల్లవారి కొన్న మాంసం పదకొండింటి దాకా గట్టు మీద పెట్టకూడదు, కొళాయి ధార కింద కడిగితే ఆ తుంపర్లు పక్కనున్న కొత్తిమీర మీద, కోసిన టమాటాల మీద పడతాయి. ఉప్పు, పసుపు వేసి కడగనిదే మన చేతులు ఊరుకోవు కాబట్టి, గిన్నెలో నెమ్మదిగా కడిగి, తర్వాత ఆ కత్తిపీటను, చేతులను సబ్బుతో కడుక్కోవాలి. పచ్చి మాంసం ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో, మూత ఉన్న గిన్నెలో ఉండాలి.

‘కనుమ నాడు కాకి కూడా కదలదు’ అని మన సామెత. ఆ రోజు ఊరు దాటి ప్రయాణం పెట్టుకోవద్దని దాని భావం. మన ఇళ్లలో మగవాళ్లు దాన్ని సోఫా దిగవద్దని చదువుకున్నట్టున్నారు. మూడు రోజులూ ఇంట్లో ఒకరు కూర్చునే తింటారు, ఒకరు నిలబడే వండుతారు. పూర్వం పండగ తిండికి ముందు పండగ పని ఉండేది: తడి బియ్యం రోట్లో ఇద్దరు ముగ్గురు రోకళ్లతో దంచేవారు, మినప్పప్పు రుబ్బేవారు. ఆ రోజులే బాగుండేవని అనను, మా అమ్మ పుష్యమాసమంతా భుజం నొప్పితో మూలుగుతుండేది. పిండిమర వచ్చి ఆ భుజానికి మేలే చేసింది, కానీ తిండి మాత్రం ఆ పనికి తగినంతగానే మిగిలిపోయింది. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, పండగ వారంలో మా ఇంటి మగవాళ్లు వీధి గుమ్మం దాకా వెళ్లింది ముగ్గులు చూడటానికే.

గత ఏడాది నుంచి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. సాయంత్రం నాలుగున్నరకు, టీ పెట్టకముందు, ఇంట్లో నడవగలిగిన వాళ్లంతా కాలవ గట్టు వెంట లాకుల దాకా వెళ్లి వస్తారు. రానూపోనూ రెండున్నర కిలోమీటర్లు. పిల్లలు గాలిపటాలతో ముందు పరుగెత్తుతారు, మావారు కర్రతో వెనక వస్తారు. వచ్చేసరికి టీ పెట్టి ఉంచే వంతు ఆ రోజు వెళ్లని వారిది, అది ఆడవాళ్లదే కానక్కరలేదని ముందే తేల్చుకున్నాం. ఈ చివరి షరతు మీద జరిగినంత చర్చ మా ఇంట్లో బెల్లం మీద జరగలేదు.

కొని తెచ్చే మిఠాయిల విషయంలో అధికారులకూ ఒక మాట. విడిగా అమ్మే ప్రతి మిఠాయి ట్రే ముందు అది ఏ తేదీలోగా తినాలో రాసి పెట్టాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి ఉంది. పండగ పది రోజులు మాత్రమే వెలిసే పందిరి దుకాణాల్లో ఆ చీటీ నేను ఒక్కచోటా చూడలేదు. అడిగితే ‘ఈ పొద్దున చేసిందేనమ్మా’ అన్న జవాబు తప్ప తేదీ రాదు. కోవా, పాలతో చేసిన వాటికి ఇది అరిసెలకన్నా ఎక్కువ అవసరం. తనిఖీలు పండగ తర్వాత కాకుండా, పందిళ్లు వేసిన మొదటి రోజునే జరగాలి.

మీరు ప్రతి వంటకం కింద నాలుగు పంక్తుల చోటు ఇస్తే చాలు: ఈ కొలతకు ఎన్ని వస్తాయి, ఒక్కోదానిలో తీపి, నూనె ఎంత, ఎన్నాళ్లు ఎక్కడ నిలవ ఉంటుంది, ఎవరు ఆచితూచి తినాలి. అంకెలు సరిచూడటానికి హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉండనే ఉంది. పేజీ చివర, దీన్ని గారెల కింద పరచవద్దని కూడా అచ్చు వేయండి. అరిసెల తూకం లెక్క నా దగ్గర సిద్ధంగా ఉంది. సున్నుండలు, బొబ్బట్లు, జంతికల లెక్కలు కూడా వచ్చే ధనుర్మాసం మొదట్లోనే వండి, తూచి, మీకు పంపగలను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా.