మషో గురించి ఒక్క ముక్కేనా?

సంపాదకునికి,

ఆదివారం అనుబంధంలో మధ్యయుగపు ఐరోపా సంగీతం మీద వచ్చిన వ్యాసం బాగుంది. కానీ గియోమ్ ద మషోని ఒక్క వాక్యంలో తేల్చేశారు. 14వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో కవిత్వం, సంగీతం రెండింటిలోనూ ఆయనదే పైచేయి. బొహీమియా రాజు జాన్ కొలువులో కార్యదర్శిగా ఊళ్లు తిరిగి, తర్వాత రాంస్ నగరంలో స్థిరపడ్డాడు.

‘నా ముగింపే నా మొదలు’ అని ఆయన పాట ఒకటి ఉంది. మూడు గొంతులు. ఒకరు పాడేదాన్నే రెండోవారు చివరి నుంచి వెనక్కి పాడతారు. మూడో గొంతు సగం దాకా వెళ్లి, వచ్చిన దారినే తిరిగొస్తుంది, అచ్చం మన ‘వికటకవి’ మాటలా! స్వరాల కాగితం మీద వేలు పెట్టుకుని విన్నాను. రెండోసారికి గానీ ఆ మలుపు దొరకలేదు.

1349లో ప్లేగు భయంతో ఇంట్లో తలుపులేసుకుని కూర్చున్నానని ఓ కావ్యంలో రాసుకున్నాడు. లాక్‌డౌన్ చూసినవాళ్లకు ఆ టెన్షన్ వేరే చెప్పాలా? తన రచనలన్నీ సంపుటాలుగా రాయించడంలో శ్రద్ధ పెట్టాడు కాబట్టే, 1377లో ఆయన పోయినా పాటలు మిగిలాయి.

వీలైతే ఆయనకు విడిగా అర పేజీ ఇవ్వండి.

- ఒక పాఠకుడు, విజయవాడ