శ్రీకాకుళం అన్నయ్యకి, మా నాన్న తప్పెటగుళ్లు ఆగకుండా ఆడినందుకు

మూడు వారాలు నన్ను ఏడిపించిన వీడియో నిన్న రాత్రి మా ఊళ్లో, నాన్న పాత డీవీడీ ప్లేయర్‌లో, మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా ఆడింది. అంతా శ్రీకాకుళంలో వీడియో మిక్సింగ్ చేసే ఒక అన్నయ్య చలవ. పేరు రాయొద్దన్నారు, రాయను, కానీ నలుగురిలో థాంక్స్ చెప్పకుండా ఉండలేను.

1999 సంక్రాంతికి బొబ్బిలి దగ్గర మా ఊళ్లో నాన్న వాళ్ల జట్టు ఆడిన తప్పెటగుళ్లని (గుండెల మీద తప్పెట కట్టుకుని, కథ పాడుతూ, వాయిస్తూ ఆడే ఆట) ఎవరో వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో తీశారు. ఆ జట్టులో ఇప్పుడు నలుగురే మిగిలారు. క్యాసెట్‌కి బూజు పట్టకముందే ఫైలుగా మార్పించాను, రెండు గంటల పది నిమిషాలు వచ్చింది. నాన్నకి ఫోన్లో చూడటం అలవాటు లేదు, డిస్కు పెట్టి బటన్ నొక్కడమే తెలుసు.

మొదట ఎంపీ4 ఫైలుని ఉన్నదున్నట్టు డిస్కులో రాస్తే ప్లేయర్ గుర్తే పట్టలేదు. పాత ప్లేయర్లకి అర్థమయ్యే ఎంపెగ్-2 పద్ధతిలోకి మార్చి, అవి వెతుక్కునే వీడియో టీఎస్ ఫోల్డర్ వచ్చేలా డీవీడీ చేస్తే ఆడింది గానీ, గంటా నలభై దాటాక బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, పాట తెగిపోయి, అక్కడే నిలిచిపోయేది. ప్రతి ఆదివారం కొత్త డిస్కు పట్టుకుని బస్సెక్కడం, అదే చోట ఆగిపోవడం, నాన్న "పోనీలేమ్మా" అనడం. ప్లేయర్ పోయిందన్నారు ఒకరు, డిస్కులు నాసిరకం అన్నారు ఇంకొకరు.

అన్నయ్య మాత్రం ఫోన్లో మొదట ఒకటే అడిగారు, "ఎన్నో నిమిషంలో ఆగుతోందమ్మా, మూడింట్లోనూ ఒకే చోటా?" అవునన్నాను. డిస్కుని తిరగేసి ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకోమన్నారు. రాసినంత మేరా ఊదా రంగు కాస్త ముదురుగా కనిపించింది, అంచుదాకా పాకేసి, చివర వెంట్రుకంత చోటు కూడా మిగల్లేదు. డిస్కు లోపలి నుంచి బయటికి రాసుకుంటూ పోతుందట, అంచు దగ్గరే తప్పులు ఎక్కువ పడతాయట. నేనేమో డిస్కు రాసే స్పీడు 16 ఎక్స్, అంటే మామూలుకి పదహారు రెట్లు, పెట్టాను, ఆ స్పీడు అందుకునేది కూడా సరిగ్గా ఆ అంచు దగ్గరే. పైన 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో 4.37 మాత్రమే, అదంతా నిండా కుక్కాను.

రెండు డిస్కులు చెయ్యమన్నారు, అదీ పాట మధ్యలో కోసెయ్యకుండా, ఒక కథ అయ్యి జట్టు మంచినీళ్లు తాగే చోట. ఒక్కోటి 3 జీబీ దాటనివ్వలేదు. 4 ఎక్స్‌లో రాసి, వేరే ప్లేయర్లు కూడా చదవగలిగేలా డిస్కుని ముగించి (ఫైనలైజ్ చేసి), రాసింది సరిగ్గా పడిందో లేదో చూసే వెరిఫై పూర్తయ్యేదాకా ట్రే తియ్యలేదు.

ఇంకో తిప్పలు ఉంది. లాప్‌టాప్‌లో బాగానే ఉన్న వీడియో నాన్న పాత టీవీలో మాత్రం గజ్జెల కాళ్లు ఎగిరినప్పుడల్లా ముందుకీ వెనక్కీ వణికేది. నేను క్యాసెట్ పాతదని సరిపెట్టుకున్నాను, అన్నయ్య సరిపెట్టుకోలేదు. మన టీవీ వీడియోలో సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమూ సరి గీతలు, బేసి గీతలుగా రెండు సగాలు. మార్చేటప్పుడు ఏ సగం ముందో తారుమారైతే కదలిక అలాగే వణుకుతుందని చెప్పారు. మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్కు ఒకటి తెప్పించి, రెండు నిమిషాల ముక్క మీద ఫీల్డ్ ఆర్డర్, అంటే ఏ సగం ముందు రావాలన్నది, అటూ ఇటూ మార్చి చూపించమన్నారు. సెలవు పెట్టి, రైటరూ లాప్‌టాప్పూ పట్టుకుని ఊరెళ్లాను. రాత్రి పదకొండు దాటినా వీడియో కాల్‌లో ఆ టీవీ ముందే ఉన్నారాయన, రెండో ముక్క పెట్టగానే "అదిగో, కాలు ఆగింది చూడమ్మా" అన్నారు.

నిన్న నాన్న ఆ మిగిలిన ముగ్గుర్నీ పిలిచారు. రెండో డిస్కులో జట్టు గుండ్రంగా తిరిగే చోట నలుగురి చేతులూ వాటంతటవే గుండెల మీద తప్పెట ఉండే చోటికి వెళ్లిపోయాయి. ఆడుతున్న ప్రతివాణ్నీ ఇంటిపేరుతో సహా చెప్పుకుంటూ చూశారు, ఎవరి వేలు ఎలా పడేదో కూడా. ఆ పేర్లన్నీ పక్కనే కూర్చుని రాసుకున్నాను.

అన్నయ్యా, డబ్బులు వద్దన్నారు, సరే. సంక్రాంతికి అమ్మ అరిసెలు చేస్తుంది, శ్రీకాకుళం వచ్చి ఇచ్చి వెళతాను, అది మాత్రం కాదనకండి. నాన్న కూడా వస్తానంటున్నారు.