ఒక షట్టరుకు రెండు తాళాలు

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ పేపర్లో కరోనా లాక్‌డౌన్‌లో అద్దె వదులుకున్న షాపు ఓనర్ల గురించి వార్త, పక్కన వాళ్లకు శాలువాలు కప్పిన ఫొటో వేశారు. వాళ్లు వదులుకునే ఉంటారు, కాదనను. ఆ పేపరు తీసుకెళ్లి మా ఓనరుగారికి చూపిస్తే, 'పేపర్లో రాసేవన్నీ నిజాలేనా?' అన్నారు.

నాది ఒడిశాలోని బరంపురంలో చిన్న మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు గుడ్డలు, ఫాల్స్, లైనింగులు. పెళ్లిళ్ల సీజను, శ్రావణమాసం... మాకు ఏడాదంతా ఈ రెంటి మీదే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు షట్టరు దించాం, పెళ్లిళ్లు పోయాయి. జూన్‌లో తెరిస్తే శని, ఆదివారాలు బంద్. మా బేరంలో సగం సరిహద్దు అవతల ఆంధ్రాలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఆడవాళ్లది. జాకెట్టు గుడ్డ కోసం చెక్‌పోస్టు దాటి ఎవరొస్తారు? ఇంతలో గంజాంతో కలిపి నాలుగు జిల్లాలకు, రూర్కెలాకు జులై 17 నుంచి 31 దాకా మళ్లీ లాక్‌డౌన్. 31 ఏ రోజో భువనేశ్వర్‌లోని ప్రభుత్వానికి తెలియకపోవచ్చు గానీ మా వీధిలో అందరికీ తెలుసు. వరలక్ష్మీ వ్రతం.

రోగం ముదిరింది కాబట్టి మూయించారు, దానికి నేనేమీ అనను. కానీ ఆగస్టులో తెరుద్దామని వెళితే షట్టరు కుడివైపు నా తాళం, ఎడమవైపు కొక్కేనికి ఇంకో కొత్త తాళం. నాలుగు నెలల బాకీ, నెలకు 9,000. రెండు రోజులు ఓనరుగారి గుమ్మం చుట్టూ తిరిగాక, 36,000 అడ్వాన్సులోంచి కట్ చేసుకుని తీశారు. దసరాలోగా అడ్వాన్సు మళ్లీ నింపాలట. లోపల చూస్తే ఫాల్స్ రోళ్లలో ఎలుకలు పిల్లలు పెట్టాయి. ఎండ తగిలే అరలో ఎరుపు గుడ్డలన్నీ మడత దగ్గర గులాబీ రంగుకు తిరిగాయి. అవి ఏ చీరకు మ్యాచింగు చెప్పండి?

మార్చి 29న కేంద్ర హోంశాఖ కూలీల దగ్గర, వలస కార్మికుల దగ్గర నెల రోజులు ఇంటద్దె అడగొద్దంది. మంచిదే, సూరత్ నుంచి తిరిగొచ్చినవాళ్ల అవస్థ ఈ జిల్లాలో చూడనివాళ్లు లేరు. షాపు అద్దె మాట మాత్రం ఒక్క ముక్క లేదు. బ్యాంకు బాకీలకు రిజర్వు బ్యాంకు ఆగస్టు 31 దాకా మారటోరియం, అంటే వాయిదాలు ఆపుకునే వీలు, ఇచ్చింది. బిల్డింగు లోను కట్టే ఓనరుకు గడువు దొరికింది, ఆయనకు అద్దె కట్టే నాకు దొరకలేదు. వడ్డీ ఆయనకూ పెరుగుతుంది, ఒప్పుకుంటాను. మా పక్క షట్టరు ఓనరు ఒక ముసలావిడ, ఆ అద్దెతోనే మందులు కొనుక్కుంటుంది. ఆవిడ అడిగితే నేను తప్పు పట్టను.

తెలిసిన వకీలును అడిగాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో నిప్పు, వరద లాంటివాటికి ఆస్తి పాడైపోతే కౌలు వదిలేసుకోవచ్చని ఉందట. మా షాపు గోడలు నిక్షేపంగా ఉన్నాయి, పాడైంది బేరమే. ఢిల్లీ హైకోర్టు కూడా మే 21న ఖాన్ మార్కెట్ షాపు కేసులో అద్దె మాఫీ కుదరదంది, కట్టడానికి మాత్రం కాస్త గడువిచ్చింది. అంత ఖరీదైన ఖాన్ మార్కెట్ వాళ్లకే దక్కనిది మా సందుకు దక్కుతుందా?

ఓ ఆఫీసుకూ వెళ్లాను. తాళం మీద తాళం వేయొచ్చా అని అడిగితే, మాస్కు ముక్కు కిందికి దించుకుని 'సివిల్ మేటర్, కోర్టుకెళ్లండి' అన్నారు. వాళ్లకు నెల జీతం నెలకు పడుతుంది మరి. మూసిన షాపుకు కరెంటు మినిమం చార్జీ ఆగలేదు, లైసెన్సు ఫీజు ఆగలేదు. అగ్రిమెంటు చూద్దామంటే ఒడియాలో ఉంది. ఒడియా నేను గడగడా మాట్లాడతాను గానీ చదవలేను. కింద సంతకం తెలుగులో పెట్టాను. మా అబ్బాయి చదివి చెబితే తెలిసింది, అక్టోబరు నుంచి అద్దె 10 శాతం పెంచాలని అందులో ఉందట!

నేను పూర్తి మాఫీ అడగడం లేదు. ప్రభుత్వం మూయించిన రోజులకు సగం అద్దె, ఆ సగమూ వాయిదాల్లో, అంతవరకు రెండో తాళం వేయకూడదు అని ఒక్క కాగితం రాయడానికి ఎన్ని మీటింగులు కావాలి?

ఈసారి మీ ఫొటోగ్రాఫరు మా సందువైపు వస్తే ముందుగా చెప్పండి. మా ఓనరుగారికి శాలువా నేనే కొంటాను. ఆ డబ్బు కూడా అడ్వాన్సులోంచి కట్ చేసుకోమంటాను.

ఒక అద్దె దుకాణదారు,
బరంపురం, గంజాం జిల్లా