ఆ దున్నపోతు గురించి

అమ్మలూ,

మీ వీర్య కేంద్రంలో అన్నిటికన్నా మేలైన దున్నపోతుకు రక్తపరీక్షలో ఆవుల హెర్పిస్ వైరస్‌కు పాజిటివ్ వచ్చిందనీ, చూడటానికి మాత్రం నిక్షేపంగా ఉందనీ రాశావు. తీసేయాలా నాన్నా అని అడిగావు. తీసేయాలి.

గేదె జాతిలో ఈ వైరస్ చాలాసార్లు పైకి కనపడదు. ముక్కు కారదు, జననాంగం మీద పొక్కులూ ఉండవు. ఆటలమ్మ తగ్గిన మనిషిలో ఏళ్ల తర్వాత సర్పి లేచినట్టే ఇదీనూ, రెండూ ఒకే కుటుంబం. ముక్కు ద్వారా వస్తే తల దగ్గరి నాడీ ముడుల్లో, జననాంగం ద్వారా వస్తే నడుము కిందివాటిలో జీవితాంతం దాక్కుంటుంది. లారీలో తిప్పినా, ఇంకో జబ్బు చేసినా, ఎవరైనా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ పొడిచినా మళ్లీ లేస్తుంది. అందుకే "ఈసారి వీర్యంలో వైరస్ లేదు కదా" అనే మాటకు లొంగకు. ఇవాళ లేనిది వచ్చే నెల ఉండొచ్చు.

వైరస్ ఎక్కువగా ముందోలు పొర నుంచే వీర్యంలో కలుస్తుంది. మనం కలిపే యాంటీబయాటిక్స్ దాన్నేమీ చేయవు. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర వీర్యకణాలతో పాటు అదీ భద్రంగా ఉంటుంది. సహజంగా దాటితే ఒక గేదెకే అంటేది, వీర్యం నింపిన సన్న గొట్టాల్లో, అంటే స్ట్రాల ద్వారా, ఎన్ని ఊళ్లకు పోతుందో ఆలోచించు. ఆ తర్వాత గేదెలు చూలు నిలవక తిరగపొర్లుతుంటే, చూడివి ఈసుకుపోతుంటే అందరూ దాణానో, వీర్యం ఎక్కించిన ఇన్సెమినేటర్‌నో తిడతారు గానీ దున్న దాకా ఎవరూ రారు.

మీ ఇన్‌చార్జ్ రెండు మాటలు అంటాడు. టీకా వల్ల వచ్చిన యాంటీబాడీలేమో అంటాడు. రికార్డు చూడు. మార్కర్ టీకా, అంటే వైరస్‌లోని జీఈ ప్రొటీన్ తీసేసి చేసినదైతే, జీఈ యాంటీబాడీలను వెతికే ఎలీసా రక్తపరీక్షతో తేడా తెలుస్తుంది. ఇక గేదెలకే ప్రత్యేకమైన హెర్పిస్ వైరస్ ఒకటుంది, 1972లో ఆస్ట్రేలియాలో బయటపడింది. మామూలు ఎలీసాలో ఇదీ ఆవులదీ రెండూ కలిసిపోతాయి, నిజమే. ఏదో తేల్చుకోండి, కాదనను. తేలేదాకా వీర్యం మాత్రం తీయొద్దు.

దాని తల్లి పాల రికార్డు చూసి మీకు బాధ కలగడం సహజమే. దాని పిల్లల్లో నెగెటివ్ మగవి ఉంటే వేరే షెడ్డులో పెంచండి. ముర్రుపాల యాంటీబాడీలు ఆరు నెలల దాకా ఉండొచ్చు కాబట్టి, చిన్న దూడ పాజిటివ్ అయితే వెంటనే తోసిపుచ్చక తర్వాత మళ్లీ పరీక్షించండి.

కిందటి నెగెటివ్ పరీక్ష నుంచి తీసిన స్ట్రాలన్నీ ముందు పక్కన పెట్టించు, ఒక్కటీ బయటికి పోకూడదు. ఒక్కో బ్యాచ్‌కూ వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్ష చేయించి, ఏం వచ్చిందో నాకు రాయి.

నాన్న