మెదక్ చర్చిలో మా అమ్మ పక్కన కూర్చున్న అక్కకు

పోయిన క్రిస్మస్‌కు మెదక్ చర్చిలో తెల్లవారుజామున మొదటి ఆరాధనకు వచ్చిన అక్కా, మీకు వందనాలు. హడావుడిలో మీ పేరు అడగలేదు.

ఆ రోజు జనం సంగతి తెలిసిందే. అమ్మ ఆడవాళ్ల వైపు, నేను ఇటు వైపు. కళ్లజోడేమో నా జేబులో! ఎలా ఇవ్వాలా అని నాకు ఒకటే టెన్షన్. స్తంభం చాటు నుంచి చూస్తే మీరు అమ్మ చెవి దగ్గరకు వంగి, కీర్తనలో ఒక్కో పాదం ముందుగా చదివి చెప్తున్నారు. అమ్మ అది అందుకుని పాడుతోంది. రాగం ఎటు పోయిందో దేవుడికే తెలియాలి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

తెల్లారాక ఆ మూడు రంగుటద్దాల కిటికీల్లో యేసు జననం, సిలువ, ఆరోహణం ఏ వైపున ఉన్నాయో కూడా మీరే చూపించారట. కరువు రోజుల్లో కూలికీ తిండికీ పనిచేసి ఈ గుడి కట్టిన వాళ్లలో తన తాత ఉన్నాడని అమ్మ మీకు మొదలుపెట్టే ఉంటుంది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన దగ్గర్నుంచి చెప్పుకొస్తుంది. ఓపిగ్గా విన్నందుకు ఇంకోసారి వందనాలు.

మీ కీర్తనల పుస్తకం అమ్మ సంచిలోనే వచ్చేసింది. ఆకుపచ్చ అట్ట, లోపల పాత ఈస్టర్ కార్డు. ఇది చదివితే కబురు చెయ్యండి, తెచ్చిస్తాను.